పెట్ట తోక చెప్పే కబురు

పల్లెటూరి ఇంట్లో కోడిపెట్ట ఒక చిన్న సిరి. దానికి పొలం అక్కరలేదు, పెద్ద కొట్టం అక్కరలేదు. కళ్లంలో రాలిన రాగులు, పెరటిలోని పురుగులు, చాటలోంచి జారిన నూకలు తిని అది బతుకుతుంది. గుడ్లు అమ్మగా వచ్చిన డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. పిల్లల నోటుపుస్తకానికో, పండుగనాటి గాజులకో ఆ డబ్బు అక్కరకు వస్తుంది. అటువంటి పెట్ట చనిపోతే పోయేది ఒక కోడి ఖరీదు మాత్రమే కాదు. అది పెట్టబోయే గుడ్లు, లేపబోయే పిల్లలు కూడా పోయినట్లే.

కోడి బాగున్నదో లేదో తెలుసుకోవడానికి మనం దాని జుట్టు ఎర్రగా ఉందా, మేత తింటున్నదా, గుడ్డు పెట్టిందా అని చూస్తాము. ఇవన్నీ చూడవలసినవే. కాని తోక కింది ఈకలను చూసేవారు తక్కువ. అక్కడ రెట్ట అంటుకొని ఉంటే, “ఛీ, మురికి!” అని ముఖం తిప్పుకుంటారు. ఆ మురికి కోడి మనకు పంపే కబురు. దానిని చదవడం వస్తే ఎన్నో కోళ్లను బతికించుకోవచ్చు.

ఒకే ద్వారం

ఆవుకూ మేకకూ పేడ, మూత్రం వేరువేరుగా వస్తాయి. కోడికి అలా కాదు. దాని తోక కింద ఉన్నది ఒకే ద్వారం. లోపల పేగు, మూత్రనాళాలు, గుడ్డు వచ్చే నాళం అన్నీ ఒక చిన్న గదిలోకి తెరుచుకుంటాయి. ఆ గదిని శాస్త్ర పుస్తకాలలో అవస్కరం అంటారు. కోడికి మూత్రాశయం లేదు. దాని మూత్రం నీరుగా కాక తెల్లని ముద్దగా వచ్చి రెట్టతో కలుస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట గోధుమ రంగులోనో బూడిద రంగులోనో గట్టిగా ఉండి, దాని పైన తెల్లని టోపీ పెట్టినట్లు ఉంటుంది.

రోజులో కొన్నిసార్లు మాత్రం ముదురు గోధుమ రంగులో, జిగటగా, చెడు వాసనతో రెట్ట వేస్తుంది. అది చూసి భయపడనక్కరలేదు. కోడి పేగు చివర రెండు తిత్తులు ఉంటాయి. వాటిలో మేత మరికొంత పులిసి బయటికి వస్తుంది కనుక అలా ఉంటుంది. పొదుగు మీద కూర్చున్న పెట్ట రోజుకు ఒకసారో రెండుసార్లో మాత్రమే గూటి నుంచి లేస్తుంది. అప్పుడు పెద్ద ముద్దగా, దుర్వాసనతో రెట్ట వేస్తుంది. అదీ జబ్బు కాదు. తన గుడ్లు మురికి కాకూడదని అది అంతసేపు ఆపుకుంటుంది.

ఒకే ద్వారం గుండా వచ్చినా, గుడ్డు శుభ్రంగానే బయటికి వస్తుంది. పెట్ట గుడ్డు పెట్టేటప్పుడు గుడ్డునాళం చివరి భాగం కొంచెం బయటికి తిరుగుతుంది. అందువల్ల గుడ్డుకు రెట్ట తగలదు. కాని చుట్టూ ఉన్న ఈకలు మురికిగా ఉంటే గుడ్డుకు ఆ మురికి అంటుతుంది. గుడ్డు పెంకుకు వేలకొద్దీ సన్నని రంధ్రాలు ఉంటాయి. పెంకు మీద ఉండే పలుచని పొర వాటిని మూసి కాపాడుతుంది. మురికి గుడ్డును కడిగితే ఆ పొర కూడా పోతుంది. కనుక గుడ్డును కడుక్కోవడం కన్న పెట్టను, గూటిని శుభ్రంగా ఉంచడమే మేలు.

కోడి తనను తాను ఎలా శుభ్రం చేసుకుంటుంది?

కోడి మురికి ప్రాణి అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. తోక మొదట్లో దానికి ఒక నూనె గ్రంథి ఉంది. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలన్నిటికీ రాసుకుంటుంది. ఒక్కొక్క ఈకను ముక్కుతో దువ్వుకుంటుంది. ఎండలో పొడిమట్టిని కాళ్లతో తవ్వి, అందులో పడుకొని, రెక్కలతో దుమ్ము ఎగజల్లుకుంటుంది. అది దాని స్నానం. ఆ దుమ్ము ఈకల మధ్యకు చేరి, కోడిపేలను వదిలిస్తుంది.

తన పని తాను చేసుకోగలిగిన కోడికి మన సాయం అవసరం లేదు. ముసలితనం వచ్చినా, కొవ్వు బాగా పట్టినా, కాలు నొచ్చినా, జబ్బు చేసినా అది తోక దాకా ముక్కు తిప్పలేదు. కొన్ని జాతుల శరీర నిర్మాణమే వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పేరున్న అసీలు కోళ్లకు ఈకలు ఒంటికి అంటుకొని బిగుతుగా ఉంటాయి. వాటికి మురికి అంటడం తక్కువ. కొచ్చిన్ వంటి జాతులకు తోక కింద దూదిలాంటి ఈకలు గుబురుగా ఉంటాయి. రెట్ట వాటికి సులభంగా చిక్కుకుంటుంది.

మురికికి మూలం ఏమిటి?

తోక కింద మురికి పట్టడానికి కారణాలు అనేకం.

మొదటిది ఎండ. కోడికి చెమట పట్టదు. వేసవిలో నోరు తెరిచి రొప్పుతూ, నీళ్లు ఎక్కువగా తాగుతుంది. మామూలు రోజులలోనే తిన్న మేత బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు తాగే కోడి, ఎండ ముదిరినప్పుడు మరింత తాగుతుంది. రెట్ట పలచన అవుతుంది. నీడ, చల్లని నీళ్లు దొరికితే అది తగ్గుతుంది.

రెండవది మేత. ఉప్పు ఎక్కువైన కూర, బూజు పట్టిన గింజలు, పాచిపోయిన అన్నం వేస్తే కడుపు చెడుతుంది. మేతను ఉన్నట్టుండి మార్చినా అంతే.

మూడవది కడుపులోని నులిపురుగులు, ఒంటి మీది పేలు. కోడిపేలకు తోక కింది వెచ్చని చోటు ఎంతో ఇష్టం. ఈకలు పక్కకు తీసి చూస్తే, ఈక మొదళ్ల దగ్గర వాటి గుడ్లు తెల్లగా గుత్తులుగా కనిపిస్తాయి.

నాలుగవది జబ్బు. ఆకుపచ్చని పలచని రెట్ట వేస్తూ, మెడ వంకర తిరిగి, ఊపిరి ఆడక బాధపడుతుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. దీనినే మన దేశంలో రాణిఖేత్ వ్యాధి అంటారు. రాణిఖేత్ హిమాలయ ప్రాంతంలోని ఒక ఊరు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో కూడా ఈ వ్యాధిని గుర్తించారు. అందువల్ల ఇతర దేశాలలో దీనికి న్యూకాజిల్ వ్యాధి అనే పేరు వచ్చింది. ఇది వచ్చిన తరువాత మందు లేదు. ముందుగా టీకా వేయించడమే మార్గం. కోడిపిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే అది రక్తపారుడు కావచ్చు. దానికి మందు ఉంది, కాని ఆలస్యం చేయకూడదు.

ఈగ తెచ్చే ముప్పు

మురికిని అలాగే వదిలేస్తే ఏమవుతుంది? తమిళనాడులోని హోసూరు వైపు ఒక పల్లెలో జరిగినట్లుగా ఈ సంఘటనను ఊహించుకుందాం. అక్కడ ఒక అవ్వ, ఆమె మనవరాలు కలిసి ఆరు కోళ్లను పెంచుతున్నారు. వేసవి సెలవులలో ఒకనాడు వాటిలో ఒక నల్లపెట్ట మేతకు రాకుండా గోడ వార నిలబడింది.

“అవ్వా! నల్లపెట్ట వెనక ఈగలు ముసురుతున్నాయి” అన్నది మనవరాలు.

అవ్వ గబగబ వచ్చి పెట్టను చంకలో పెట్టుకొని, తోక ఎత్తి చూసింది. రెట్ట ఎండి, పిడకలా గట్టిపడి ఉన్నది. దాని అంచున సన్నని నూకల వంటి తెల్లని గుడ్లు కనిపించాయి.

“ఇవి ఈగ గుడ్లు, అమ్మీ! ఎండకాలంలో ఇవి ఒక్క రోజులోనే పురుగులవుతాయి. ఆ పురుగులు మొదట మురికిని తింటాయి, తరువాత పెట్ట ఒంటిని తింటాయి. పోయిన ఏడు ఎర్రపెట్ట అట్లే పోయింది. నేను పండుగ పనులలో పడి రెండు రోజులు దాని ముఖమే చూడలేదు” అన్నది అవ్వ.

మనవరాలు ఆ గడ్డను చేత్తో పీకబోయింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది.

“పీకవద్దు! ఈకతో పాటు తోలు కూడా వస్తుంది. ముందు నానాలి.”

అవ్వ పాత బొక్కెనలో గోరువెచ్చని నీళ్లు పోసింది. మోచేతితో వేడి చూసింది. మనవరాలు పెట్ట రెక్కలను మెత్తగా, కదలకుండా పట్టుకున్నది. పెట్ట వెనక భాగం మాత్రం నీళ్లలో మునిగేటట్లు కొంతసేపు ఉంచారు. గడ్డ మెత్తబడిన తరువాత అవ్వ వేళ్లతో కొద్దికొద్దిగా విడదీసింది. కొంచెం సబ్బు నురుగు రాసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగింది. విడిపోని ఈకలను కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించింది.

“ఈకను మొదటికంటా కత్తిరిస్తే ఏమవుతుంది, అవ్వా?”

“కొత్తగా మొలిచే ఈకలో నెత్తురు ఉంటుంది. దాన్ని తెంపితే కారిపోతుంది. అందుకే తోలుకు దూరంగా కత్తిరించాలి.”

తరువాత పెట్టను పాత గుడ్డతో ఒత్తి తుడిచి, గాలి వీచని చోట ఎండపొడలో గంప కింద ఉంచారు. ఒళ్లు పూర్తిగా ఆరేదాకా వదలలేదు. తడి ఆరక ముందే చల్లగాలి తగిలితే పెట్టకు చలి పట్టుకుంటుంది. అందువల్ల ఈ పని పొద్దున చేయాలి, సాయంత్రం చేయకూడదు. పక్కన గంప ఉంచడానికి మరొక కారణం కూడా ఉంది. ఎర్రగా ఒరిసిన తోలు కనిపిస్తే మిగిలిన కోళ్లు దానిని పొడిచి పుండు చేస్తాయి.

నల్లపెట్టకు ఇంకా పుండు పడలేదు కనుక ఇంటి వైద్యం సరిపోయింది. పురుగులు తోలు లోపలికి పోయి ఉంటే కిరోసిన్ వంటివి పోయకూడదు. అవి తోలును కాలుస్తాయి. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకొని పోవాలి.

పెట్టను కడిగిన తరువాత అవ్వ మరొక పని చేసింది. నీళ్ల తొట్టిని ఎండలోంచి తీసి చింతచెట్టు నీడకు మార్చింది. ఉప్పు చేపల తలలు కోళ్లకు వేయడం మానేసింది. కడగడంతో మురికి పోతుంది. కారణాన్ని తీసివేస్తేనే అది తిరిగి రాకుండా ఉంటుంది.

కోడిపిల్లల విషయంలో

పెద్ద కోడికి మురికి పట్టడం ఒక ఎత్తయితే, పిల్లకు పట్టడం మరొక ఎత్తు. గుడ్డు నుంచి వచ్చిన మొదటి కొన్ని రోజులలో కోడిపిల్ల రెట్ట తోక కింద అతుక్కొని ఎండిపోవచ్చు. ద్వారం మూసుకుపోతే పిల్ల రెట్ట వేయలేక ఒకటి రెండు రోజులలో చనిపోతుంది. ప్రయాణపు అలసట, చలి, మితిమీరిన వేడి దీనికి ముఖ్య కారణాలు. తల్లి రెక్కల కింద పెరిగే పిల్లలలో ఇది తక్కువ. కొని తెచ్చిన పిల్లలలో ఎక్కువ. వాటిని మొదటి వారం దాదాపు 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనంలో ఉంచి, వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి.

కోడిపిల్లను నీళ్లలో ముంచకూడదు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో మెల్లగా అద్దుతూ నానబెట్టి తుడవాలి. వెంటనే ఆరబెట్టి వెచ్చని చోటికి చేర్చాలి. పిల్ల పొట్ట మీద చిన్న ఎండిన బొడ్డు ఉంటుంది. దానిని మురికి అనుకొని పీకితే ప్రాణానికే ప్రమాదం. చాలా పిల్లలకు ఒక్కసారిగా తెల్లని రెట్ట అంటుకొని, అవి రెక్కలు వాల్చి ముడుచుకొని కూర్చుంటే, అది తెల్లపారుడు కావచ్చు. అప్పుడు డాక్టరుకు చూపించాలి.

చూసినది చెప్పడం

పశువుల డాక్టరు దగ్గరకు పోయినప్పుడు, “మా కోడికి బాగాలేదు” అంటే చాలదు. రెట్ట ఏ రంగు? నీళ్లగా ఉందా, జిగటగా ఉందా? ఎన్ని రోజుల నుంచి? ఎన్ని కోళ్లకు? ఏమి మేపారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి. ఆసుపత్రిలో తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో చెప్పవలసి రావచ్చు. ఇంటిభాషలో స్పష్టంగా చూసి చెప్పుకున్నవారికి ఏ భాషలోనైనా చెప్పడం సులభం.

ఎక్కువ కోళ్లు ఒక్కసారిగా చనిపోతే వాటిని ముట్టుకోకూడదు. పెద్దలకు, పశువుల ఆసుపత్రికి వెంటనే తెలపాలి. మన దేశంలో 2006లో మొదటిసారిగా మహారాష్ట్రలోని నవాపూర్ ప్రాంతంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. అటువంటి వ్యాధులను త్వరగా తెలుసుకుంటేనే అరికట్టగలం.

గూడు శుభ్రంగా ఉంటే

రాత్రిపూట కోళ్లు వేసే రెట్ట అంతా గూటిలోనే పడుతుంది. నేల మీద పడుకున్న కోడి దానిలోనే కూర్చుంటుంది. గూటిలో ఒక అడ్డకర్ర కడితే కోళ్లు దాని మీద ఎక్కి కూర్చుంటాయి. రెట్ట కిందికి పడిపోతుంది. నేల మీద వరి ఊకో, వేరుశనగ పొట్టో, రంపపు పొట్టో పరచాలి. తడిసిన చోట దానిని తీసివేసి కొత్తది వేయాలి. గూటి తలుపు తీయగానే కళ్లు మండేటంత ఘాటు వాసన వస్తే గాలి చాలడం లేదని, పొట్టు మార్చే సమయం దాటిపోయిందని అర్థం. ఊడ్చిన రెట్టను పారవేయనక్కరలేదు. ఎరువు గుంటలో వేసి మగ్గనిస్తే కూరగాయల మడికి మంచి ఎరువు అవుతుంది.

కోడిని పట్టుకున్న తరువాత, గూడు ఊడ్చిన తరువాత, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది మనిషికి వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. కోడిపిల్ల ఎంత ముద్దుగా ఉన్నా ముఖానికి ఆనించుకోకూడదు. కోడిని కడిగిన నీళ్లను బావికి, బోరుకు దూరంగా పోయాలి.

పొద్దున గూటి తలుపు తీసినప్పుడు కోళ్లు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. వాటిని వెనక నుంచి చూడడానికి అదే తగిన సమయం. తోక కింద ఈకలు పొడిగా, మెత్తగా ఉన్నాయా? ఏ కోడి వెనకబడింది? ఏ కోడి మీద ఈగ వాలింది? ఇది అరనిమిషం పని. ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు. ఆ అరనిమిషం చూపుతో ఇంటి సిరి నిలబడుతుంది.

పదాలు – అర్థాలు

సిరి = సంపద
రెట్ట = పక్షుల మలం
పొదుగు = పక్షి గుడ్ల మీద కూర్చొని వెచ్చదనం ఇవ్వడం
గుబురు = దట్టంగా ఉన్నది
ముసురు = చుట్టూ మూగు
ఒరియు = రాపిడి వల్ల తోలు రేగు
మగ్గు = కుళ్లి మెత్తబడు

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.

1. కోడి రెట్ట మీద తెల్లని భాగం ఎందుకు ఉంటుంది?
2. మురికి గుడ్డును కడగడం కన్న పెట్టను శుభ్రంగా ఉంచడం ఎందుకు మేలు?
3. ఎండిన రెట్టను పీకబోయిన మనవరాలిని అవ్వ ఎందుకు ఆపింది?
4. కొని తెచ్చిన కోడిపిల్లలను ఎటువంటి వెచ్చదనంలో ఉంచాలి?

ఆ) కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.

1. పెట్టను కడిగిన తరువాత అవ్వ నీళ్ల తొట్టి చోటు మార్చింది. ఈ రెండు పనులకు ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. కోడి తోక కింద మురికి పట్టడానికి గల కారణాలను తెలపండి.

భాషాంశాలు

1. తెలుగులో ‘కోడి’ని తమిళంలోనూ కన్నడంలోనూ ‘కోళి’ అని పలుకుతారు. అలాగే మన ‘ఏడు’ కన్నడంలో ‘ఏళు’. ఇలా పోలిక గల మాటలను మీ ఊరిలో వినపడే భాషల నుంచి సేకరించి రాయండి.
2. ‘గోడ వార’, ‘ఎండపొడ’, ‘గబగబ’ – ఈ మాటలతో సొంత వాక్యాలు రాయండి.

చేయవలసిన పని

మీ ఇంటిలోనో పొరుగింటిలోనో ఉన్న కోళ్లను వారం రోజులు పొద్దున గమనించండి. రెట్ట రంగు, ఈకల శుభ్రత, వేసిన మేత, నీళ్ల తొట్టి ఉన్న చోటు – వీటితో ఒక పట్టిక తయారుచేయండి. మీరు చూసిన విషయాలను పశువుల డాక్టరుకు చెబుతున్నట్లు ఐదు వాక్యాలలో తరగతిలో చెప్పండి.